ఒక సైజు పెద్ద సైకిల్

రెండు లక్షల అరవై వేల సైకిల్‌ను లక్షా డెబ్బై ఎనిమిది వేలకు తెచ్చాను. దొంగ సరుకు కాదు, పాతది కాదు. డబ్బా విప్పని కొత్త సైకిల్, బిల్లుతో సహా. ఎనభై రెండు వేలు తగ్గించాను. వరంగల్ చౌరస్తా నుంచి హన్మకొండ చౌరస్తా దాకా ఎంతమంది బేరగాళ్ళున్నారో అందర్నీ వరుసగా నిలబెట్టండి, ఇంత తగ్గించినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. ఆ సైకిల్ నా ఒంటికి సరిపోదన్నది తర్వాతి ముచ్చట. సరిపోదని అమ్మినాయన ముందే చెప్పాడన్నది ఇంకా తర్వాతి ముచ్చట.

మాది రెడీమేడ్ బట్టల దుకాణం. మా తాత స్టేషన్ రోడ్డు పక్కన గోనెపట్టా మీద లాగులు పరిచి మొదలుపెట్టాడు. మా నాన్న షట్టర్ పెట్టాడు. నేను ఏసీ పెట్టి కరెంటు బిల్లు పెంచాను. నాకు మాటలొచ్చింది గల్లా పక్కనే. 'ఇదే ఆఖరి మాట' అన్నాక ఇంకో రెండు మాటలుంటాయని ఐదేళ్ళకే తెలుసు. కొనేవాడు మొదటి మెట్టు దిగేదాకా పిలవద్దని, రెండో మెట్టు దిగాక కూడా పిలవకపోతే వాడు పక్క దుకాణం వాడవుతాడని ఏడేళ్ళకు తెలుసు. పిల్లలకు బట్టలు తీయడానికి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు మా ఇంట్లో మూడు తరాలుగా చెప్తున్న మాట ఒకటుంది: "ఒక సైజు పెద్దదే తీస్కో అక్కా. ఎదిగే పిల్లగాడు. వచ్చే ఏడు గూడ ఒస్తది." ఇందులో అబద్ధం లేదు. కాకపోతే ఆ మాట అనేసరికి ఆ పిల్లగాడి సైజు మా దగ్గర అయిపోయి ఉంటుంది.

బట్టల దుకాణం వాళ్ళ పిల్లలకేం, రోజుకో జత అనుకుంటారు అందరూ. మేం తొడుక్కున్నవి అమ్ముడుపోని సైజులు. పదో తరగతి దాకా నా చొక్కా చేతులు వేళ్ళ మీదికి వచ్చేవి. మడత పెట్టుకునేవాణ్ణి. ప్యాంటుకు బెల్టు బిగించుకునేవాణ్ణి. మరీ వదులైతే ఎదురుగా ఉన్న టైలర్ రెండు కుట్లు వేసిచ్చేవాడు. సరిగ్గా నా కొలతకు కుట్టిన బట్ట మొదటిసారి పెళ్ళికి తొడుక్కున్నాను. ఎవరో పట్టుకున్నట్టు ఊపిరాడలేదు.

సైకిల్ పిచ్చి పట్టించింది మా దోస్తు. వాళ్ళది కొత్తవాడలో మగ్గాల ఇల్లు, వాళ్ళ నాన్న జంపఖానాలు నేసేవాడు. బళ్ళో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఇప్పుడు కరెంటాఫీసులో ఇంజినీరు. నన్ను పేరు పెట్టి పిలిచి ముప్పై ఏళ్ళయింది, సేటు అంటాడు. ఆదివారం పొద్దున ఐదున్నరకు మా గల్లీ మొదట్లో బెల్లు కొట్టేవాడు. ఊరు దాటి, ములుగు రోడ్డు వదిలేసి, పత్తి చేన్ల మధ్య బండ్ల బాటలు పట్టుకుని, గుట్టల పక్క నుంచి తిరిగి, దుకాణం తెరిచే వేళకు ఇల్లు చేరేవాళ్ళం. ఎక్కుడు వస్తే వాడు ముందు పోయి పైన రాయి మీద కూర్చునేవాడు. నేను రొప్పుతూ కనపడగానే, "రాంరాం సేటు, రేటెంత చెప్తాన్నవు ఈ గుట్టకు?" అనేవాడు. వారమంతా గల్లా మీద కూర్చుని పైసలు లెక్కపెట్టే మనిషికి, తనను ఆటపట్టించేవాడు ఒకడు గుట్ట మీద కాచుకుని కూర్చున్నాడంటే ఎంత ధైర్యమో, అప్పుడు తెలియలేదు.

నలభై నాలుగో ఏట నడుము పట్టేసింది. నా పాత సైకిల్‌కు ముందు చక్రానికే షాకబ్సార్బర్ ఉండేది. వెనక చక్రం రాయి ఎక్కిన ప్రతిసారీ ఆ దెబ్బ సీటులోంచి నేరుగా వెన్నుపూసకు చేరేది. దవాఖానలో డాక్టర్ ఫిల్మును లైటుకు పట్టి చూసి, "స్పీడ్ బ్రేకరొస్తే ఆటో దిగి నడువుండ్రి" అన్నాడు. ఆ సంగతి దోస్తుకు చెప్పాను, ఇక నా ఆదివారాలు అయిపోయినట్టే అన్నట్టుగా.

వాడు వినలేదు. "నడుం నొస్తే సైకిల్ మార్చాలె గని దోస్తును మారుస్తారా? వెనక చక్రానికి గూడ షాకున్నది తీస్కో. గని జర చూస్కో. ఎక్కువ కుంగేటియి కొండల మీదికెల్లి దుంకెటోళ్ళకు. అసొంటిదాని మీద ఎక్కుడు ఎక్కుతె పరుపు మీద నడిచినట్టుంటది. మనకు బెత్తెడు, బెత్తెడున్నర కుంగితె చాలు. తేలికగ ఉండాలె."

తర్వాత అసలు మాట చెప్పాడు. వాడు సొంతూరి ఆఫీసుకు వచ్చి ఐదేళ్ళు దాటింది. వచ్చే ఎండాకాలంలో బదిలీ ఖాయం. ఎక్కడికో తెలియదు, దూరమే. "పోయేలోపట ఒక్కసారి ములుగుల దిగి, తాడ్వాయి దిక్కు ఊళ్ళ బాటలు పట్టుకొని మేడారం దాక తొక్కుదాం రా. జాతర లేనప్పుడు. వాగు కాడ ఎవ్వలుండరు. ఒక్క దినం నువ్వు షట్టర్ లేపకుంటె వరంగల్ల ఎవ్వడు బట్టల్లేక బరివాత తిరగడు."

చిన్నప్పుడు మేడారం జాతరకు లారీలో పోయేవాళ్ళం. మనుషుల మధ్య ఇరుక్కుని కూర్చుంటే, తడక సందులోంచి అడవి ముక్కలు ముక్కలుగా వెనక్కి పోయేది. ఎర్రమట్టి బాట ఒకటి రోడ్డు వదిలి టేకు చెట్లలోకి తిరిగిపోవడం ప్రతిసారీ చూసేవాణ్ణి. అది ఎక్కడికి పోతుందని అడిగితే మా నాన్న, "గాడ దుకాణాల్లేవు" అనేవాడు. ఆ బాట సంగతి నేనెవరికీ చెప్పలేదు. దోస్తు మేడారం అనగానే అదే కళ్ళ ముందుకొచ్చింది. సరే అన్నాను. అది జులై.

ఇక సైకిల్ ఎంచుకోవడం మొదలైంది. దుకాణంలో గిరాకీ లేని మధ్యాహ్నాలన్నీ ఫోన్లోనే. నాకు తెలిసిన బజారు సూత్రాలన్నీ అక్కడ తలకిందులు. బెల్లమైనా, బట్టయినా, బంగారమైనా ఎక్కువ తూగితే ఎక్కువ ధర. ఈ సరుకు మాత్రం ఎంత తక్కువ తూగితే అంత ధర. పద్నాలుగున్నర కిలోలది లక్షా అరవై. అదే కంపెనీది, అదే రంగు, పన్నెండు కిలోలది రెండు లక్షల అరవై. రెండున్నర కిలోలు లేనందుకు లక్ష.

"సేటు, గా రెండున్నర కిలోలు నీ పొట్టల తగ్గించుకో. లక్ష మిగుల్తది" అన్నాడు దోస్తు.

గల్లా దగ్గర మా ఆవిడ ఆ ధర చూసి ఒక్కటే అడిగింది: "దీనికి పెట్రోల్ ఎక్కడ పోస్తరు?"

ఆగస్టు మొదటివారంలో హైదరాబాద్‌లో ఒక దుకాణానికి పోయాను. పోతూ పోతూ, మా ఎదురుగా ఉన్న బెల్లం దుకాణంలో కొక్కెం కాంటా అడిగి సంచిలో వేసుకున్నాను. జాతర ముందు మా బజార్లో మనుషుల్నే తక్కెడలో కూర్చోబెట్టి, వాళ్ళ ఎత్తు బెల్లం తూచి, దాన్నే బంగారమని మేడారం అమ్మవార్లకు మొక్కు చెల్లిస్తాం. తూకం చూడకుండా సరుకు కొనడం మా రక్తంలో లేదు.

ఆ దుకాణం ఓనరుకు ముప్పై ఐదేళ్ళుంటాయి. తనే తొక్కేవాడని పిక్కలు చూస్తేనే తెలుస్తుంది. నేను కాంటా తీసి సైకిల్‌ను కొక్కానికి తగిలిస్తుంటే చేతులు కట్టుకుని చూశాడు.

"పన్నెండు కిలోలంటివి గద తమ్మీ. ఇది పన్నెండున్నర చూపిస్తాంది."

"కంపెనీ తూకం పెడల్స్ లేకుండ సర్."

"పెడల్స్ లేకుండ ఎట్ల తొక్కుతరు?"

"అన్ని కంపెనీలు అట్లనే చెప్తయి సర్."

"మా దిక్కు గోనెసంచి తూకం తీసేస్తరు. మీరు కాళ్ళు పెట్టే జాగ తీసేస్తాన్నరు."

నవ్వాడు. నా ఎత్తు, కాళ్ళ పొడవు టేపుతో కొలిచి, మీడియం అన్నాడు. రెండు లక్షల అరవై వేలది రెండు ముప్పై ఐదుకు ఇస్తానన్నాడు. నేను లక్షా ఎనభై అన్నాను. తల అడ్డంగా ఊపాడు. లేచాను. మొదటి మెట్టు దిగాను, పిలవలేదు. రెండో మెట్టు దిగాను. రోడ్డు దాటి ఛాయ్ తాగుతూ, వాడికి కనపడేటట్టే అరగంట నిలబడ్డాను. లోపల ఎవరికో చక్రం బిగిస్తున్నాడు. పిలవలేదు. బస్సెక్కాను.

అప్పటి నుంచి వారానికోసారి ఫోన్. నేను మూడు నాలుగు వేలు పెంచేవాణ్ణి, ఆయన అక్కడే ఉండేవాడు. దసరా పోయింది. దోస్తు ఇక బతిమాలడం మొదలుపెట్టాడు. "ఇరవై వేల కాడ ఆగినవా? గా ఇరవై నేనిస్తరా. బేరం ఒడువగొట్టి కొను. మనకు టైం లేదు." వాడి పైసలు తీసుకోవడానికి మనసొప్పలేదు. గెలవకుండా కొనడానికీ ఒప్పలేదు. రెంటిలో ఏది ఎక్కువ అడ్డుపడిందో నాకు తెలుసు.

నవంబర్లో రెండు ముప్పై ఐదుకే కొనాలని పైసలు పట్టుకుని పోయాను. షట్టర్ అప్పుడే లేపుతున్నాడు. లోపల మూలకు ఒక పెద్ద డబ్బా, దాని మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో లక్షా తొంభై ఎనిమిది అని రాసి ఉంది. అదే సైకిల్, అదే రంగు.

"ఇదేంది మరి?"

"అది లార్జ్ సర్. ఐదడుగుల పదంగుళాలు దాటినోళ్ళకు. ఆఖరి పీసు, అమ్ముడుపోక ఉన్నది. మీకు పనికిరాదు."

మీరు ఐదడుగుల ఐదంగుళాలే ఉన్నారు అని ఆయన అనలేదు. మర్యాదస్తుడు.

ఇక్కడ నా బుద్ధి ఎట్లా నడిచిందో చెప్పాలి. మా దుకాణంలో 'ఇది మీకు నప్పదు' అన్నామంటే, ఆ సరుకు ఇంకెవరికో దాచాం, లేదా ఇంకో ఎక్కువ ధరది చూపించబోతున్నాం. నలభై ఏళ్ళలో ఆ మాటను ఇంకో అర్థంలో వాడినవాణ్ణి నేను చూడలేదు. ఈయన వద్దు వద్దన్న కొద్దీ ఆ డబ్బా నాకు ముద్దొచ్చింది.

"సర్, నిజం చెప్తున్న. రేటు చూసి తీస్కోవద్దు. హ్యాండిల్ అందదు. మీ నడుం సంగతి గూడ చెప్పిన్రు గదా."

"సీటు జరుపుకుంటం, హ్యాండిల్ కురచది వేసుకుంటం. పొద్దున బోణీ బేరం తమ్మీ, మొదటి గిరాకిని వాపస్ పంపుతరా? లక్షా డెబ్బై ఎనిమిది, నగదు."

ఆయన పైసలు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత బిల్లు రాసి, అడుగున చేత్తో ఇంకో వరుస రాశాడు: 'సైజు సరిపోదని కస్టమర్‌కు చెప్పడమైనది. వాపసు లేదు.' దాని కింద నాతో సంతకం పెట్టించాడు. ఓడిపోయిన వ్యాపారి ఉక్రోషం అనుకున్నాను. దర్జాగా పెట్టాను.

ఆ ఆదివారం గల్లీ మొదట్లో దోస్తు సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఎవలిది రా?"

"నాదే."

"గది గాదు. ఎవలి సైజు?"

ఒక సైజు పెద్దదైతే ఏమైంది, సర్దుకుంటాలే అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

మొదటి అరగంట గురించి మాత్రం అబద్ధం చెప్పను. పత్తి చేను పక్కన ట్రాక్టర్ చాళ్ళు గట్టిపడిన బాట అది. పాత సైకిల్ మీద పళ్ళు బిగబట్టి దాటేవాణ్ణి. ఈ సైకిల్ వెనక చక్రం గుంతలోకి పోయి, లేచి, నాకు చెప్పకుండానే తన పని తాను చేసుకుపోయింది. కాళ్ళ కింద బరువే లేదు. నాకు నడుమొకటి ఉందన్న సంగతి ఏడాదిలో మొదటిసారి మరిచిపోయాను. పొద్దు అప్పుడే లేస్తోంది. ముందు దోస్తు వీపు. ఇట్లా మేడారం దాకా పోవచ్చు అనుకున్నాను.

అరగంట తర్వాత హ్యాండిల్ దూరమవుతూ వచ్చింది. చేతులు చాచి చాచి మెడ బిగుసుకుంది, వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఎక్కుడు దగ్గర సైకిల్ ముందు భాగం తేలిపోతుంది, దాన్ని అదుముదామంటే అంత ముందుకు నేను వంగలేను. ఆగి దిగితే పైగొట్టానికి అటో కాలు ఇటో కాలు వేసి మునివేళ్ళ మీద నిలబడాలి. నడుము మళ్ళీ గుర్తొచ్చింది, వడ్డీతో సహా.

టైలర్ దగ్గరికి పోయినట్టే పోయాను. హ్యాండిల్‌ను పట్టి ఉంచే మెడ ముక్క తీయించి కురచది వేయించాను. హ్యాండిల్ మార్చాను. సీటును ముందుకు జరపగలిగినంత జరిపించాను. బట్టయితే ఇంకా కత్తెర ఉంది. ఇనుమైనా, అల్యూమినియమైనా కొలత కొలతే. నాలుగు ఆదివారాలు అట్లా తొక్కాను. నాలుగోసారి, రాళ్ళ దిగుడులో ఆగుదామని కాలు పెడితే నేల అందలేదు. నిలువునా పక్కకు పడ్డాను. నడుము అక్కడికక్కడే పట్టేసింది.

దోస్తు నన్ను ఆటోలో ఇంటికి చేర్చి, మంచం పక్కన కూర్చుని కోపంతో ఊగిపోయాడు. ఎందుకంటే ఆటోలో నేను వాడికి చెప్పింది వేరు: దుకాణం వాడు తప్పు సైజు అంటగట్టాడని చెప్పాను. "బిల్లు తియ్. రేపే పోదాం. కోర్టుల ఏస్తనంటె వాడే మారుస్తడు."

"వద్దులే."

"ఏడున్నది బిల్లు?"

మా ఆవిడ బీరువాలోంచి తెచ్చిచ్చింది. వాడు పైనుంచి చదివాడు. అడుగు వరుస దగ్గర ఆగాడు. కింద నా సంతకం చూశాడు. మడతల మీదే మళ్ళీ మడిచి నా దిండు పక్కన పెట్టాడు.

"ఎనభై వేలు మిగుల్తయని గదరా" అని సర్దిచెప్పబోయాను.

"మనకు టైం లేదని నీకు చెప్పిన" అన్నాడు. తర్వాత మా ఆవిడ ఇచ్చిన ఛాయ్ తాగి, పైలంగా ఉండమని చెప్పి పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మంచం మీద ఆరు వారాలు. తర్వాత పెళ్ళిళ్ళ సీజన్, దుకాణం కదలనివ్వలేదు. ఫిజియోథెరపీకి పోయేవాణ్ణి. లార్జ్‌ను అమ్మకానికి పెడితే అడిగేవాడు లేడు. అమ్ముడుపోక ఉన్న ఆఖరి పీసు అని హైదరాబాద్ ఆయన చెప్పింది ఎంత నిజమో అప్పుడు తెలిసింది. అది పోతే గాని రెండోది కొనే పైసలు లేవు. దోస్తు ఆదివారాలు ఒక్కడే పోయేవాడు, నేను అడిగితేనే చెప్పేవాడు.

మార్చిలో ఒక ఆదివారం గల్లా మీద ఉండగా వీడియో పంపాడు. హ్యాండిల్‌కు ఫోన్ కట్టి తీసింది. ఎర్రమట్టి బాట, రెండు పక్కలా ఆకు రాల్చిన టేకు చెట్లు, ఎండిన ఆకుల మీద చక్రం చప్పుడు, వాడి రొప్పు. కాసేపటికి వాడి గొంతు: "సేటు, ఈడ వేర్లున్నయ్, పైలం... కుడి దిక్కు రా, ఎడమకు ఇసుకున్నది... ఆ, గంతే... మెల్లగ." నేను వాడి వెనకాలే వస్తున్నట్టు. నాలుగు నిమిషాలు. ఒక చోట బాట రెండుగా చీలింది. వాడు ఆగాడు. "ఇగ ఇక్కడికెల్లి మేడారం దిక్కు. ఇయ్యాల పోత లేను. నువ్వొచ్చినంక పోదాం." అక్కడితో అయిపోయింది. ఎదురుగా ఒకావిడ పిల్లవాడికి నిక్కర్ చూపించమని రెండోసారి అడుగుతోంది. వాడి సైజే తీసిచ్చాను. ఒకటి పెద్దది తీస్కోమని నోటిదాకా వచ్చింది గాని, నిక్కర్ మడిచి సంచిలో వేశాను.

బదిలీ కాయితం మేలో వచ్చింది. ఆసిఫాబాద్ అవతల. నెలాఖరులో సామాను లారీ ఎక్కించాడు. సైకిల్ మాత్రం తన కారు వెనక కట్టుకున్నాడు. నేను తాళ్ళు బిగించాను. మేడారం మాట ఇద్దరం ఎత్తలేదు. "రెండో శనివారాలకు వస్త గద రా" అన్నాడు. ఆ మాట అన్న మనిషి, విన్న మనిషి, ఇద్దరం నలభై దాటినవాళ్ళమే.

జూన్లో కరీంనగర్ నుంచి ఆరడుగుల మనిషి వచ్చి లార్జ్ ఎక్కి కూర్చున్నాడు. సైకిల్ అతని కొలతకు కుట్టిన చొక్కాలా ఉంది. వాడు లక్షా ఇరవై అన్నాడు. నేను బేరం చేయలేదు. హైదరాబాద్ ఆయనకు ఫోన్ చేసి మీడియం కావాలన్నాను. ధర పెరిగింది సర్, రెండు నలభై ఎనిమిది అన్నాడు. పంపమన్నాను. "సర్, మీరేనా?" అన్నాడు.

మీడియం నాకు సరిగ్గా సరిపోయింది. గంటన్నర తొక్కినా నడుము నొప్పి లేదు, వేళ్ళు తిమ్మిరెక్కవు, ఎక్కుడులో ముందు చక్రం నేలను వదలదు. ఒక్కణ్ణే పోతున్నాను. ఎక్కుడు పైకి పోయాక కాసేపు ఊరికే నిలబడి, ఎవరూ ఏమీ అనకపోతే దిగి వస్తాను. ములుగు దాటి ఇంకా పోలేదు. దోస్తు రెండు నెలల్లో ఒకసారి వచ్చాడు, అదీ పెళ్ళికి, బస్సులో.

ఇక బిల్లు. లార్జ్ లక్షా డెబ్బై ఎనిమిది వేలు. మెడ ముక్క, హ్యాండిల్ కలిపి ఆరున్నర వేలు. ఫిజియోథెరపీ తొమ్మిది వేలు. మీడియం రెండు లక్షల నలభై ఎనిమిది వేలు. మొత్తం నాలుగు లక్షల నలభై ఒక వేల ఐదు వందలు. అందులో కరీంనగర్ మనిషి ఇచ్చిన లక్షా ఇరవై తీసేస్తే మూడు లక్షల ఇరవై ఒక వేల ఐదు వందలు. మొదటిరోజే హైదరాబాద్ ఆయన చెప్పిన రెండు ముప్పై ఐదుకు తీసుకుని ఉంటే ఎనభై ఆరున్నర వేలు మిగిలేవి. నేను తగ్గించింది ఎనభై రెండు.

పైసలది అక్కడికి సరి. ఆగస్టు మొదటివారం నుంచి దోస్తు పోయిన దినం దాకా నలభై మూడు ఆదివారాలు. అన్నీ నా బేరం మీద వేయడం న్యాయం కాదు. వానలకు బాట బురదై ఎట్లాగూ పోలేనివి ఎనిమిది. పెళ్ళిళ్ళ సీజన్‌కు దుకాణం మింగినవి ఆరు. వాడికి డ్యూటీ పడ్డవి ఐదు. లార్జ్ మీద ఎట్లాగో తొక్కినవి నాలుగు. సైజు సరిగ్గా ఉన్నా నా నడుము ఓ మూడు తినేదే, అవీ తీసేశాను. మిగిలినవి పదిహేడు. మేడారానికి ఒక్కటి చాలేది.